నోటికందిన నోటు

గడచిన మాఘమాసమున మా చిన్నవాని పుట్టినదినమునకు నాకొక వింత బుద్ధి పుట్టినది. వచ్చిన పెద్దలకందఱకును అయిదువందల రూపాయల నోటును బోలిన మిఠాయి చేసి పంచవలెనని తోచెను.

మొదట ఆత్రేయపురపు పూతరేకు జ్ఞప్తికి వచ్చినది. కాగితమువంటి తినుబండారము మనకు అంతకన్న వేఱేమున్నది? కాని కాగిన కుండపై పలుచని బియ్యపుపిండి పూసి తీసిన ఆ రేకు తడి తగిలినంతనే కరగిపోవును. బీటురూటు రసముతో అంకె వేయబోగా అంకెకు మాఱు చిల్లి మిగిలినది. పిమ్మట జీడిపప్పు పాకమును నేయి రాచిన కాగితముల నడుమ అప్పడాలకఱ్ఱతో ఒత్తి, అసలు నోటు కొలతకే, 150 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పున కోసితిని. బూడిదవన్నెకై నల్లనువ్వుల పొడి చిటికెడు కలిపితిని. నోటు వెనుక 15 భాషల పట్టిక కలదు. అందు తెలుగు 14వది. మావాడు అన్నియు వ్రాయుమని పట్టుబట్టెను గాని, నేను తెలుగు వరుసతోనే సరిపెట్టితిని.

మావారు, “నోటును బోలిన పత్రము చేసినచో 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 182వ సెక్షను క్రింద 300 రూపాయల వఱకు జరిమానా సుమా!” అని బెదరించిరి. మిఠాయి పత్రమగునో కాదో ప్లీడర్లే చెప్పవలెను. అయినను మోసమనిపించుకొనరాదని గాంధీగారి బొమ్మ వదలి, బ్యాంకు పేరుండవలసినచోట “వంటయింటి బ్యాంకు” అని వ్రాసితిని.

ఒక్కొక్కటి కవరులో నుంచి అందఱకును ఇచ్చితిని. విప్పి చూచి నవ్విరి, తినిరి. మా అత్తగారికి చూపు మందము. ఆమె కవరును వ్రేళ్లతో తడవి, కన్నులకద్దుకొని, నడుమున దోపుకొని తన గదికి వెళ్లిరి. తరువాత తిందురులే యనుకొంటిని.

నాలుగవనాడు ఆమె పెట్టె చుట్టును చీమల బారు. తెఱచి చూడగా పట్టుచీర మడతలో ఆ కవరు!

“అత్తయ్యగారూ, ఇది మిఠాయి అండీ” అంటిని.

“అట్లాగా అమ్మా! దళసరిగానున్నది, నాలుగయిదు నోట్లుండుననుకొంటిని. పనిపిల్ల పెండ్లికి చదివింతునని మాట కూడ ఇచ్చితినే!” అనిరి.

నేను ఈ యింట అడుగుపెట్టి ఇరువదియేండ్లయినది. ఆమెకు కావలసినవన్నియు అడుగకుండనే తెచ్చియిచ్చుచున్నాము. ఆమె చేతిలో పైకముండవలెనని మాత్రము నాకెన్నడును తోచలేదు.

చీర దులిపి ఎండలో వేసితిని. సాయంకాలము నాలుగు అసలు నోట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టితిని. ఆమె వ్రేళ్లతో తడవి, ముక్కుకడకు తీసికొని వాసన చూచిరి.