రెడ్ పడ్డదా, పడలేదా



గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు వస్తున్న టైములో క్యారమ్ బోర్డు గొడవ మీద ఇంత పొడుగు పోస్టా అని తిట్టుకోకండి. ఈ గొడవ మూలంగా మా హాస్టల్లో ఒక తమ్ముడు చదువు మానేసేదాకా పోయింది. అందుకే రాస్తున్నాం. మేము అంటే అశ్వారావుపేటలో ఒక హాస్టల్ రూములో ఉండే ఆరుగురం. ఆరుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

హాస్టల్ మొత్తానికి ఒక్కటే బోర్డు. నాలుగు పాకెట్లలో ఒకదానికి వల ఎప్పుడో పోయింది. యూరియా బస్తా ముక్క కోసి, మేకులు కొట్టి మేమే తగిలించాం. అది లోతు లేదు. నాలుగు కాయిన్లు పడితే నిండిపోతది. బోరిక్ పౌడర్ కొనడానికే డబ్బుల్లేవు, వల ఎవడు కొంటడు?

ఆ ఆదివారం వాన. ఒకవైపు మా సీనియర్ అన్న, ఇంకోవైపు మొదటేడు తమ్ముడు. తమ్ముడిది కొండ మీద గూడెం, కొండరెడ్డి పిల్లోడు. పందెం ఏందంటే, ఓడినోడు రాత్రి తన ప్లేట్లో చికెన్ ముక్కలు గెలిచినోడికి ఇయ్యాలి. వారానికి ఒక్కసారి వచ్చే చికెన్. హాస్టల్లో ఉన్నోళ్లకు ఆ పందెం విలువ చెప్పక్కర్లేదు.

తమ్ముడికి ఒక తెల్ల కాయిన్, రెడ్ మిగిలినయ్. రెడ్ కొట్టిండు. అది సరిగ్గా యూరియా బస్తా పాకెట్లోకే పోయింది. అందులో అప్పటికే నాలుగు కాయిన్లు ఉన్నయ్. రెడ్ వాటి మీద ఎక్కి కూర్చుంది, అంచు బోర్డు కంటే కొంచెం పైకి కనబడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. తమ్ముడు పడిందనుకుని తెల్లది కూడా కొట్టి కవర్ చేసిండు. అప్పుడు అన్న లేచిండు. "రెడ్ పడలేదు. రెడ్ బోర్డు మీద ఉండగా ఆఖరి కాయిన్ వేసుకున్నవ్. బోర్డు నాది" అన్నడు.

చూడండి, ఒక్క గోరంత అంచు. పడిందంటే తమ్ముడు గెలిచినట్టు, పడలేదంటే అదే దెబ్బకు ఓడినట్టు. మధ్యలో ఇంకో దారి లేదు.

అరుపులు మొదలైనయ్. తమ్ముడు మెల్లగా "మా దగ్గర ఇట్ల అయితే పడ్డట్టే అన్నా" అన్నడు. దానికి అన్న "మీ కొండల రూల్స్ ఇక్కడ నడవవు, దిగి వచ్చినవ్ కదా, నేర్చుకో" అన్నడు. మేము నవ్వినం. దాచడం ఎందుకు, ఆరుగురమూ నవ్వినం. ఊళ్లో షాపులో మమ్మల్ని "అడివోళ్లు" అంటే రోజంతా కడుపు మండుతది. మాకంటే ఇంకో పది కిలోమీటర్లు లోపలి నుంచి వచ్చినోణ్ణి చూసి అదే నవ్వు మేము నవ్వినం.

తెల్లారేసరికి తమ్ముడు లేడు. పెట్టె ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. ఇంట్లో ఏదో పని ఉండి పోయిండు అనుకున్నం. పది రోజులైంది. గూడెంలో సిగ్నల్ లేదు. ఇంటర్నల్ పరీక్షలు మొదలైనయ్, ఒకటి పోయింది కూడా.

అప్పటికి గానీ మాలో ఒకడికి ఫోన్లో రూల్స్ వెతకాలని బుద్ధి పుట్టలేదు. పూల్ ఆటకు ప్రపంచ రూల్స్ ఉన్నయ్. పాకెట్ అంచున బంతి ఇంకో బంతిని ఆనుకుని ఆగితే, ఆ ఆనిన బంతిని తీసేస్తే ఇది లోపలికి పడుతుందా అని చూస్తారు. పడేదైతే పడ్డట్టే లెక్క. (స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్‌పూర్‌లో, నెవిల్ చాంబర్లీన్ అనే బ్రిటిష్ ఆఫీసరు చేతుల్లో. అది మాకు అప్పుడే తెలిసింది.) క్యారమ్ రూల్ చూస్తే ఇంకా సిగ్గేసింది. పాకెట్ వల కనీసం పది కాయిన్లు పట్టేటట్టు ఉండాలంట. మాది నాలుగుకే నిండింది. అంటే తప్పు తమ్ముడి దెబ్బది కాదు, మేము తగిలించిన బస్తా ముక్కది.

ఇద్దరం బస్సెక్కి, దిగి, నడిచి పోయినం. తమ్ముడు వాళ్ల నాయనతో చేలో ఉన్నడు. మేము గబగబా పూల్ రూలు, వల రూలు అన్నీ చెప్పినం, నువ్వే గెలిచినవ్ రా అని. వాడు తల ఎత్తకుండా "రూల్ గురించి కాదన్నా. మీరందరు నవ్విండ్రు" అన్నడు. మా దగ్గర మాట లేదు. వాళ్ల నాయన మాకు జావ పోసిండు. "ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగిండ్రా?" అన్నడు. అడగలేదు.

అడగడం మనకు కొత్తనా? ఊళ్లో గట్టు తగాదా అయినా, పెళ్లి తగాదా అయినా పెద్దలు కూర్చుంటరు, ఇద్దరి మాటా వింటరు, చూసినోళ్లను అడుగుతరు, తప్పు కట్టిస్తరు. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి)లో, మన ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని రాసి ఉంది. పోటీ పరీక్షల కోసం అది బట్టీ కొట్టినం. సొంత వరండాలో మాత్రం ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే తీర్పు.

తమ్ముడు మర్నాడు మాతో వచ్చిండు. రాత్రి వరండాలో కూర్చున్నం. తమ్ముడు చెప్పిండు, అన్న చెప్పిండు. చూసినోళ్లను ఒక్కొక్కరినీ అడిగినం. ఒక మొదటేడు పిల్లోడు అన్నను అడిగిండు, "రెడ్ పడలేదని అప్పుడే ఎందుకు అనలేదన్నా? తెల్లది కొట్టేదాకా ఎందుకు ఆగినవ్?" అన్న చాలాసేపు నేల చూసి, "ఓడిపోతనని" అన్నడు. బోర్డు తమ్ముడిదని తేల్చినం. తప్పు అన్న మీద ఒక్కడి మీదే వేయలేదు, నవ్విన మా అందరి మీదా పడింది. మేము డబ్బులు వేసుకుని దారం తెచ్చినం. అన్నకు చేపల వల అల్లడం వచ్చు. నాలుగు పాకెట్లకూ అతనే అల్లిండు, రెండు రాత్రులు కూర్చుని. పదేం ఖర్మ, పదిహేను కాయిన్లు పడతయ్ ఇప్పుడు.

పోయిన పరీక్ష సంగతి ఇంకా తేలలేదు. తమ్ముడు అర్జీ పెట్టిండు, మేమూ సారు దగ్గరికి రెండుసార్లు పోయినం. అన్నతో మాట్లాడతడు గానీ ఇదివరకంత కాదు.

మొన్న ఇంకోటి వచ్చింది. నల్ల కాయిన్ అంచు మీద నిట్టనిలువుగా నిలబడింది, పక్క వరుస స్ట్రైకర్ తగలకుండా. పడేసి ఆడాలా, అట్లనే ఉంచి ఆడాలా? కూర్చున్నం, ఇంకా తేలలేదు. మీ ఊళ్లల్లో, మీ హాస్టళ్లల్లో ఇట్లాంటిదానికి ఏం చేస్తరో కింద రాయండి. ఊరి పేరు కూడా పెట్టండి.