నాయన జనతా వాచీ, మా బావి వంతులు

ఈరోజు ఒక వాచీ గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి, చివరికి నీళ్ల దగ్గరికే వస్తాను.

మా నాయన పెట్టుకున్న హెచ్ఎంటీ జనతా వాచీ ఇప్పుడు నా దగ్గరుంది. మీలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటిది ఉండే ఉంటుంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగుళూరులో ఈ వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. 2016లో ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. వాచీలు మాత్రం ఇంకా ఆడుతున్నాయి.

దీంట్లో బ్యాటరీ ఉండదు. పొద్దున్నే కీ ఇస్తే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తోస్తుంది. చివర్న ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ, సెకనుకు 5 సార్లు మాత్రమే వాటిని కదలనిస్తుంది. అంటే రోజుకు 4,32,000 టిక్కులు. రాపిడి పడేచోట అరగకుండా 17 రాళ్లు పొదిగారు. స్విట్జర్లాండులో వాచీకి క్రోనోమీటర్ అని సర్టిఫికెట్ ఇవ్వాలంటే, సగటున రోజుకు 4 సెకన్లకు మించి వెనకబడకూడదు, 6 సెకన్లకు మించి ముందుకు పోకూడదు. రోజుకు 86,400 సెకన్లు. ఎంత కచ్చితమో మీరే లెక్కేసుకోండి.

నాయన వాచీ అంత గొప్పది కాదు. రోజుకు అర నిమిషం ముందుకు పోయేది. కానీ ఎప్పుడు చూసినా అదే అర నిమిషం. రోజూ రేడియో వార్తల టయానికి సరిచేసుకునేవాడు. ఒకే తీరుగా తప్పేదాన్ని దిద్దుకోవచ్చు, రోజుకో తీరుగా పోయేదాన్ని ఎవడూ దిద్దలేడు అనేవాడు.

మా బావిలో నాయనకి, పెదనాయనకి, చిన్నాయనకి సమాన వాటా. ఆయిలింజను రోజుల్లో మనిషికి మూడు గంటల వంతు. ముగ్గురికీ ఈ ఒక్క వాచీనే లెక్క. నీళ్లు ఎవరి మడవ తాకితే అప్పటి నుంచి వాళ్ల టైం మొదలు. ఇది నాయన పెట్టిన పద్ధతి. చిన్నాయన చేను చివర్న ఉంది. కాలవలో నీళ్లు అక్కడికి పోవడానికే పావుగంట పట్టేది. ఆ పావుగంట ఆయన నెత్తిన పడకూడదని.

ఇప్పుడు అందరి జేబుల్లో సెల్లుంది, అందరికీ ఒకటే టైం చూపిస్తుంది. అయినా ఈ ఏడు మిర్చి తడుల కాడ మాటా మాటా పెరిగింది. పెదనాయన కొడుకు స్టార్టర్ నొక్కినప్పటి నుంచి లెక్కంటాడు. చిన్నాయన కొడుకు మడవ తాకినప్పటి నుంచి అంటాడు. ఎవరికి వాళ్లం బోరు వేసుకుందాం అనేదాకా వచ్చింది. పక్కపక్కనే మూడు బోర్లు దించితే బావి గతి ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఈ ఆదివారం అందరం కూర్చుంటున్నాం. మడవ లెక్కనే కాగితం మీద రాసుకుని సంతకాలు పెడదామని అడుగుతా. మాకు కరెంటు వచ్చేది తొమ్మిది గంటలే. నా చేను బావి పక్కనే కాబట్టి ఆ లెక్కతో నాకే నీళ్లు తగ్గుతాయి. అందుకే నేనే అడగాలి.

పాత వాచీ ఉన్నవాళ్లకు ఒక మాట. రోజూ ఒకే టయానికి కీ ఇవ్వండి, బిగిసిందనిపిస్తే ఆపెయ్యండి. మందు కొట్టేటప్పుడు, గడ్డపార పట్టేటప్పుడు తీసి పక్కన పెట్టండి. కొన్నేళ్లకోసారి విప్పించి నూనె వేయించండి.

మీ ఊళ్లో ఉమ్మడి బావి వంతు ఎక్కడి నుంచి లెక్కేస్తారో రాయండి. ఆదివారం లోపల అన్నీ చదువుతా.