బస్సులో సీటు

ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చినప్పుడు, "కంప్యూటర్ గురించి వ్రాయండి సార్, కాని పాఠం లాగ మాత్రం వద్దు" అని ఒక షరతు పెట్టారు. పాఠం వద్దన్నారు కనుక నా మీద పడ్డ ఒక నింద గురించి వ్రాస్తాను. ఆ నింద బస్సులో సీటు దగ్గర వచ్చింది. బస్సు అంటే దేవరకొండ పోయే ఆర్.టి.సి. బస్సు కాదు సుమా! కంప్యూటరు లోపలి బస్సు.

1995 నాటి మాట. బి.యస్సీ. ముగించి, ఉద్యోగం లేక, నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర ఒక డి.టి.పి. సెంటరులో చేరాను. నెలకు ఆరువందల జీతం. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు – ఇదీ మా పని. ఉన్నది ఒకే ఒక 486 కంప్యూటరు. దానికి దుమ్ము తగలకుండా కప్పిన గుడ్డ, నా ఒంటి మీది చొక్కా కంటే మంచిది.

ఒకరోజు మా ఓనరు హైద్రాబాద్ పోయి ఫ్యాక్స్ మోడెమ్ కార్డు కొని తెచ్చాడు. పెట్టె విప్పి, ఖాళీగా ఉన్న స్లాటులో కార్డు దించి, స్క్రూ బిగించింది నేనే. ఫ్యాక్స్ పోయింది. ఓనరు మిఠాయి తెప్పించాడు. మిఠాయి ఇంకా నోట్లో ఉండగానే మౌసు కొయ్యబారిపోయింది! కంప్యూటరు ఆర్పి వెలిగిస్తే మౌసు కదిలేది, ఫ్యాక్స్ తెరవగానే మళ్ళీ బిగుసుకునేది. మౌసు లేకపోతే పేజ్‌మేకర్ నడువదు. అది మాఘమాసం, పత్రికల కోసం వచ్చినవాళ్ళు బెంచీ మీద కూచొని ఉన్నారు.

"మౌసు చెడగొట్టినవ్. దీని పైసలు నీ జీతంల కోస్త" అన్నాడు ఓనరు. అంతటితో ఆగినా బాగుండేది. "తెలుగు మీడియం పోరగానికి మిషన్ అప్పజెప్పుడే నాది తప్పు" అన్నాడు, బెంచీ మీది వాళ్ళందరూ వింటుండగా. కొత్త మౌసు తెచ్చారు. అదీ అంతే. ఇక నా మీద రెండో నింద కూడ పడింది. ఆ రాత్రి నాకు అన్నం పోలేదు.

మూడవ రోజున మహబూబ్‌నగర్ నుండి ఒక మెకానిక్కును పిలిపించారు. కల్వకుర్తిలో, దేవరకొండలో బస్సులు మారి వచ్చాడాయన. యాభై ఏండ్ల మనిషి, భుజం మీద తువ్వాల, చేతిలో రెగ్జిన్ సంచి. మౌసును ముట్టుకోనేలేదు. మూత విప్పి, నేను పెట్టిన కార్డును పైకి తీసి వెలుతురులో చూసి నవ్వాడు.

"మౌసు మంచిగనే ఉన్నది బిడ్డా. బస్సుల సీటు దగ్గర పంచాయితి."

నేను కూడ నవ్వాను. బస్సేమిటి, సీటేమిటి? ఆయన నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు.

"బస్టాండుల కిటికీలకెల్లి తువ్వాల ఏసి సీటు ఆపుతరు గదా? ఒక్క సీటు మీద ఇద్దరు తువ్వాల ఏస్తే ఏమైతది?"

"కొట్లాట."

"గిదీ గంతే. నీ మౌసు తువ్వాల నాలుగో నంబరు సీటు మీద ఉన్నది. ఈ కార్డు కంపెనోడు గూడ నాలుగు మీదనే ఏసి పంపిండు. నువ్వు చేసిన తప్పేం లేదు."

ఆ చివరి మాటకు నా కండ్లలో నీళ్ళు తిరిగాయి. కార్డు మీద గోరంత నల్లని టోపీ లాంటిది ఒకటుంటుంది, దానిని జంపరు అంటారు. ఆయన దానిని నాలుగు నుండి అయిదుకు మార్చాడు, ఫ్యాక్స్ ప్రోగ్రాములోనూ ఆ అంకె దిద్దాడు. మౌసు కదిలింది. ఫ్యాక్సూ పోయింది.

అప్పటినుండి ఈ బస్సు సంగతేమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగింది. మదర్ బోర్డు మీద వరుసగా పరచిన రాగి గీతల దారినే బస్సు అంటారు. కొన్ని గీతల మీద సమాచారం పోతుంది, కొన్నిటి మీద చిరునామా పోతుంది, మరికొన్ని "నా వైపు చూడు" అని ప్రాసెసరును పిలిచే గీతలు. మా పంచాయితీ ఈ పిలుపు గీత దగ్గరే వచ్చింది. ఆ నాటి పద్ధతిలో ఒక పిలుపు గీతను రెండు కార్డులు పంచుకునే వీలు దాదాపు లేదు. 'బస్' అన్న మాటకు మూలం లాటిన్ భాషలోని 'ఆమ్నిబస్'. దాని అర్థం 'అందరి కొరకు' అని.

అయితే ఈ బస్సు నిజంగా అందరి కొరకేనా? దీని చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టే తిరిగింది.

1975లో అమెరికాలోని ఆల్బకర్కీ ఊరిలో మిట్స్ అనే చిన్న కంపెనీ ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటరును విడిభాగాలుగా అమ్మింది. దాని బస్సుకు వంద పిన్నులు, అందుకే ఎస్-100 అని పేరు వచ్చింది. బయటివారు కూడ దానికి కార్డులు చేసి అమ్మారు. కాని కొన్ని గీతలకు ఎవరి అర్థం వారిది, ఒకరి కార్డు మరొకరి కార్డుతో పొసిగేది కాదు. ఇంజనీర్లు కూచొని దానికి కట్టుబాటు వ్రాసేసరికి 1983 వచ్చింది. ఈలోగా 1977లో ఆపిల్-2 ఎనిమిది స్లాటులతో వచ్చింది.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. పి.సి. వచ్చింది. అందులో అయిదు స్లాటులు, ఒక్కొక్క దానికి 62 పిన్నులు, సమాచారం ఒకేసారి 8 బిట్లు. వేగం 4.77 మెగాహెర్ట్జ్. వేగంలో గొప్ప ఏమీ లేదు. గొప్పంతా ఒక పుస్తకంలో ఉన్నది. ఏ గీత ఏ పని చేస్తుందో, సర్క్యూటు బొమ్మలతో సహా, ఆ కంపెనీయే అచ్చువేసి అమ్మింది. ఇక ఊరూరా కార్డులు చేసేవారు పుట్టుకొచ్చారు. 1984లో వచ్చిన ఏ.టి. యంత్రంలో దారిని 16 బిట్లకు వెడల్పు చేశారు. పాత స్లాటును తీసివేయకుండా దాని వెనుక 36 పిన్నుల తోక తగిలించారు. పాత కార్డులు చాలావరకు కొత్త యంత్రంలోనూ నడిచాయి. పాత ప్రయాణికుణ్ణి దింపకుండా బస్సును పొడిగించారన్న మాట!

అయితే ఈ పుస్తకం చదివి ఇతర కంపెనీలు కంప్యూటర్లే చేసి అమ్మడం మొదలుపెట్టేసరికి ఐ.బి.ఎం. మనసు మారింది. 1987లో పి.ఎస్/2 యంత్రాలలో మైక్రో ఛానెల్ అనే కొత్త బస్సు పెట్టింది. న్యాయంగా చెప్పాలంటే అది మంచి బస్సు. జంపర్ల బాధ లేదు, పిలుపు గీతను పంచుకోవచ్చు. కాని పాత కార్డులు అందులో దూరవు, దానిని వాడుకోదలచిన కంపెనీలు లైసెన్సు సొమ్ము కట్టాలి. 1988లో కాంపాక్‌తో సహా తొమ్మిది కంపెనీలు కలిసి, పాత కార్డులు కూడ పట్టే 32 బిట్ల ఐసా బస్సును ఎదురు పెట్టాయి. ఏ.టి. నాటి పాత దారికి ఇసా అనే పేరు కూడ ఆ పోటీలోనే స్థిరపడింది. చివరికి మైక్రో ఛానెల్ గెలవలేదు. ఖరీదు వలన ఐసా కూడ పెద్ద సర్వర్లకే పరిమితమైంది. చాలాచోట్ల పాత ఇసాయే నడిచింది. ఆ తరువాత 1992లో ఇంటెల్ కంపెనీ పి.సి.ఐ. బస్సును తెచ్చింది. మంచి బస్సు ఓడిపోయి పాత బస్సు నిలవడానికి కారణం ఒక్కటే, పాతది అందరినీ ఎక్కించుకున్నది.

మళ్ళీ మా డి.టి.పి. సెంటరుకు వస్తాను. పని అయిపోయాక ఆ పెద్దమనిషి టీ త్రాగుతూ, నా ముఖం ఇంకా వాడిపోయి ఉండడం చూసి సంగతి అడిగాడు. తెలుగు మీడియం మాట చెప్పాను. ఆయన సంచిలో నుండి మరొక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఎక్కడో ఒక ఆఫీసులో బిగించడానికి తీసుకుపోతున్నాడట.

"ఇదేందో ఎర్కనా? గిస్ట్ కార్డు. ఇది స్లాటుల పెడితే కంప్యూటర్ తెలుగు రాస్తది. అమెరికోడు చేసిన మిషన్ల మన తెలుగుకు గూడ ఒక సీటు దొరికింది. నీకు దొరకదా?"

ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై, 1988లో ఏర్పడిన పుణె సి-డాక్ సంస్థ ద్వారా బయటికి వచ్చిన కార్డు అది. డాస్ కాలంలో, అక్షరాలతో నడిచే ఇంగ్లీషు ప్రోగ్రాములలోనే తెలుగు, హిందీ, తమిళం వంటి మన లిపులు కనిపించేటట్లు చేసేది. ఆ యంత్రం చేసినవారు తెలుగును తలచుకొని ఉండరు. కాని ఒక స్లాటు ఖాళీగా ఉంచారు, అందులోకి ఎలా రావాలో వ్రాసిపెట్టారు. అంతే చాలింది. మనవాళ్ళు అనుమతి కోసం ఎదురుచూడకుండా ఎక్కి కూచున్నారు.

ఇప్పుడు తెలుగుకు వేరే కార్డు అక్కరలేదు. 1991లోనే యూనికోడ్ మొదటి సంచికలో మన లిపికి స్థానం దొరికింది. ఇప్పుడు మీ జేబులోని ఫోనే తెలుగు వ్రాస్తుంది. అయితే ఆ ఫోనుకు విప్పడానికి మూత లేదు, ఖాళీ స్లాటు లేదు. ఇది నాకు కొంచెం దిగులే. రేపు మరొక కొత్త యంత్రం వస్తుంది, దాని తయారీలోనూ మనం గుర్తుకు రాకపోవచ్చు. అప్పుడు ఎక్కడ ఖాళీ ఉన్నదో వెతికే బుద్ధి మీకుండాలి. మీరే యంత్రం చేస్తే, ముఖం తెలియని వాని కోసం ఒక ఖాళీ ఉంచే మనసు కూడ ఉండాలి.

మా ఓనరు జీతం కోయలేదు. క్షమించమనీ అనలేదు. మరుసటి నెల నుండి కొత్త కార్డు ఏది వచ్చినా "నువ్వే పెట్టు" అనేవాడు. పెట్టే ముందు జంపర్లు చూసుకునేవాణ్ణి, ఎవరి తువ్వాల ఎక్కడున్నదోనని.

మిత్రులారా, విద్యార్థి సంఘం కూడ ఒక బస్సే. అందరి కొరకు. ఎక్కినవారు కిటికీలో నుండి తువ్వాలలు వేసుకున్నది చాలు. మెట్టు మీద నిలబడ్డ తెలుగు మీడియం పిల్లవాడికి కాస్త జరిగి చోటివ్వండి.