మంగళవారపు ప్రశ్నలు

"మాయాబజారు" చిత్రమునకు సంగీతము కూర్చిన దెవరని నలుగురు మిత్రులు ముచ్చటించుకొనుచుందురు. ఒకరు ఘంటసాల యందురు. కాదు, తొలుత నాలుగు పాటలకు వరుసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావుగారు, వారు తప్పుకొన్న పిమ్మటనే ఆ భారము ఘంటసాలవారిపై బడినదని వేఱొకరందురు. ఆ నాలుగు పాటలేవి యని మాట యిప్పుడిప్పుడే చిగురించుచుండగా, అంతవఱకు నోరు మెదపని నాలుగవవాడు జేబులోనుండి ఫోను తీసి, అద్దముపై వ్రేలితో రెండుమార్లు రాచి, ఒక పేరు చదివి, దానిని మరల జేబులో వేసికొనును. అంతటితో సభ ముగియును.

చదివిన పేరు సరియైనదే కావచ్చును. నా బాధ అది కాదు. ప్రశ్నకును సమాధానమునకును నడుమ నుండు ఆ అరనిమిషము, మఱచితి మనుకొన్నదానిని మనస్సు మూలమూలల వెదకి, ఎన్నడో చూచిన గోడప్రకటననో మేనమామ నోట విన్న మాటనో ఆధారముగా పట్టుకొని మెట్టుమెట్టుగా పైకి దెచ్చుకొను ఆ అరనిమిషము, మానవునకు దక్కిన ఉత్తమ సుఖములలో నొకటి యని నా దృఢవిశ్వాసము. ఆ సుఖమును వారమునకొక రాత్రి నియమనిష్ఠలతో ఆరాధించువారిని నేను ఇంగ్లండులో చూచితిని.

మాంచెస్టరు చేరువ నొక చిన్న పట్టణమున ఉద్యోగరీత్యా కొన్ని చలికాలములు గడపితిని. అచ్చట మంగళవారమనగా క్విజ్జు లీగు. పబ్బనగానే మనవారికి త్రాగుడు తప్ప వేఱొకటి తోచదు. కాని ఆ పట్టణమునకు పబ్బు రచ్చబండ వంటిది. నారింజరసము గ్లాసు ముందిడుకొని మూడుగంటలు కూర్చున్నను ఏమని యడుగువాడు లేడు. శరదృతువున ఆకులు రాలునప్పుడు లీగు ఆరంభమై వసంతము వచ్చువఱకు సాగును. ఒక్కొక్క పబ్బునకు నలుగురేసి సభ్యులుగల జట్టు. ఒక వారము మన బల్ల కడకు వారు వత్తురు, మఱియొక వారము వానలో తడిసికొనుచు వారి బల్ల కడకు మనము పోవుదుము. ప్రశ్నపత్రము మూసిన కవరులో వచ్చును. ఆ రాత్రి పట్టణములోని పబ్బులన్నిటను అవియే ప్రశ్నలు గనుక, మఱునాడు బస్సులో కలిసినవారందఱును అదే ప్రశ్ననుగూర్చి తర్కించుకొనుటకు వీలుండును. ప్రశ్నలు వ్రాయు పని కూడ జట్లకు వంతులవారీగా వచ్చును.

ఆ యాటలోని సూక్ష్మమును కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, అతనికి నేను నమస్కరింతును. ప్రశ్న ఒక్కని నుద్దేశించి వేయబడును. తానొక్కడే ధైర్యము చేసి చెప్పినయెడల రెండు పాయింట్లు. తోడివారి నడిగి చెప్పినయెడల ఒకటి. నలుగురును విఫలులైనచో ఎదుటిజట్టు చెప్పి ఒకటి గొనిపోవును. తెలిసియు తెలియనట్టున్న సమాధానము నాలుక చివర నాడుచుండగా, ఒంటరిగా సాహసింతునా, మిత్రుల సాయమర్థింతునా యని కొట్టుమిట్టాడు ఆ క్షణములో మనిషి స్వభావమంతయు బయటపడును.

మా జట్టులో తపాలాశాఖనుండి విరమించిన యొక వృద్ధుడుండెను. ఒకనాడు "పూర్వము అప్పర్ వోల్టా యని పిలువబడిన దేశము నేటి దేది?" యని ఆయన నడిగిరి. ఆయన కన్నులు మూసికొని, గ్లాసు క్రింది అట్టబిళ్ళను బల్లపై మెల్లగా త్రిప్పుచు, పెదవులు కదల్చుచుండెను. బాల్యమున తాను కూర్చుకొన్న తపాలాబిళ్ళల పుస్తకమును ఆయన లోలోన పుటపుటగా త్రిప్పుచున్నాడని మాకు తెలియును. ఫ్రెంచి అక్షరములున్న బిళ్ళ దొరకినది. దానిప్రక్క పొరుగుదేశముల బిళ్ళలు దొరకినవి. పిదప 1984లో పేరు మార్చుకొన్న వార్త జ్ఞప్తికి వచ్చినది. మా ముగ్గురిలో నెవరిని అడుగకయే "బుర్కినా ఫాసో" యని కన్నులు తెఱచెను. రెండు పాయింట్లు! ఆ ముఖమున వెలసిన కాంతిని ఏ ఫోనును ఏ మానవునకును ఈయజాలదు.

నడుమ విరామమున ఆతిథ్యజట్టు పబ్బువారు పళ్ళెములనిండ శాండ్విచ్చులును, వేడివేడి బంగాళాదుంప ముక్కలును తెచ్చిపెట్టుదురు. అంతవఱకు ఎదురెదురుగా కూర్చుండి పోరాడినవారు అప్పుడు ఒకే పళ్ళెములో చేతులు పెట్టి, చేజారిన ప్రశ్నలనుగూర్చి వాపోవుదురు.

ఆ దేశమున పబ్బునకును వివాదమునకును గల చుట్టరికము గొప్పది. 1951లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డు ప్రాంతమున వేటకు పోయిన గిన్నెస్ బీరు సంస్థ అధిపతి సర్ హ్యూ బీవరు, ఐరోపాలోని వేటపక్షులలో మిక్కిలి వేగముగా నెగురునది యేదను తగవు తీఱక, ఇట్టి తగవులు ప్రతిరాత్రియు పబ్బులలో పుట్టుచుండునుగదా యని యోచింపగా, దాని ఫలముగా 1955లో గిన్నెస్ రికార్డుల గ్రంథము వెలువడినది. బి.బి.సి.వారు 1972లో ఆరంభించిన "మాస్టర్‌మైండ్" పోటీలో 1980లో విజేతయైనవాడు లండనులో టాక్సీ నడుపు ఫ్రెడ్ హౌస్‌గో. 1983లో గెలిచినవాడు రైలు డ్రైవరు క్రిస్టఫర్ హ్యూస్. విద్య పట్టభద్రుల సొత్తు కాదని ఆ దేశపు సామాన్యుడు ఎఱుగును. తాను చదివినది తనకే సంతోషము గనుక చదువును. మంగళవారము రాత్రి దానిని పదుగురిలో పంచిపెట్టును.

అయినను ఆ లీగులో నాకు జరిగిన యొక అన్యాయమును చెప్పక మానలేను. కప్పు పోటీలో ఫైనలుకు ముందాట. చివరి వరుస ప్రశ్నలు. నన్నడిగినది: "స్వతంత్ర భారతమున భాషాప్రాతిపదికపై తొలి రాష్ట్రమేర్పడిన సంవత్సరమేది?" మా వృద్ధుడు నా భుజము తట్టెను, ప్రశ్న నా యింటిదే గదా. నేను క్షణమైనను తడయక 1953 అంటిని. క్విజ్ మాస్టరు కాగితము చూచి తల యడ్డముగా త్రిప్పెను. ఎదుటివారు 1956 అని చెప్పి పాయింటు గైకొనిరి. మేము ఒక్క పాయింటుతో ఓడితిమి. కాగితముపై నున్న సమాధానమే ఆ రాత్రికి ప్రమాణమని లీగు నిబంధన.

1956 ఎట్లగును? 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్షకు పూనిన పొట్టి శ్రీరాములుగారు, దినదినము కృశించి, డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచిరి. నాలుగు దినముల పిమ్మట, 19వ తేదీన, నెహ్రూగారు ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా ఆ రాష్ట్ర మవతరించినది. 1956 నవంబరు 1న జరిగినది వేఱు. అది దేశమంతట రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగి, హైదరాబాదు రాష్ట్రములోని తెలంగాణ ప్రాంతముతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దినము. ఈ రెంటిని కలిపివేసిన ఆ యజ్ఞాత ప్రశ్నకర్త, డేరాలలో కచేరీలు నడిపిన కర్నూలును, పంతులుగారి మంత్రివర్గమును, ఒక మహాపురుషుని ఆత్మార్పణ ఫలమును కలము నొక్క పోటుతో తుడిచివేసెను. ఏండ్లు గడచినవి, నా కోపము చల్లాఱలేదు, చల్లాఱవలసిన పనియు లేదు.

ఆ రాత్రి ఎదుటిజట్టు నాయకుడు, ఒక బడిపంతులు, కుర్చీ దగ్గఱకు జరుపుకొని "ఎవరండీ ఆ ఉపవాసము చేసినవారు?" అని యడిగెను. నేను చెప్పసాగితిని. పబ్బు మూయు గంట మ్రోగువఱకు ఎనమండుగురును కదలక వినిరి. ఒక్కరును ఫోను ముట్టలేదు. స్కోరు మాత్రము మాఱలేదు.

మనకు ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ కూర్చుండి, అడిగినదెల్ల ధారణలో నిలిపి తుదిని అప్పగించు అవధానిని కన్న జాతి మనది. 1967లో నీల్ ఓబ్రియన్ గారు కలకత్తాలో తొలి క్విజ్జు నడిపిన కొలది యేండ్లకే, 1972లో, మన జంటనగరములందు వింగు కమాండరు ముల్కీగారి పూనికతో కె-సర్కిల్ అను క్విజ్జు సంఘము వెలసినది. కాని జిల్లాలలో, తాలూకా పట్టణములలో ఏమున్నది? జనరల్ నాలెడ్జి యనగా గ్రూపు పరీక్షలకు బట్టీపట్టు బిట్లు. ఉద్యోగము వచ్చినను రాకున్నను పరీక్ష మఱునాడు మఱచిపోవలసిన సరకు. ఇంతకన్న విద్యకు అవమానము లేదు.

మన యూరూరను శాఖాగ్రంథాలయములున్నవి, వాటిలో బల్లలున్నవి, సాయంకాలము వార్తాపత్రిక మడిచిపెట్టి ఏమియు తోచక కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులును, కండక్టరులును, కొలువులకై చదువుకొను యువకులును ఉన్నారు. ఒక్కొక్క గ్రంథాలయమునుండి నలుగురు పూనుకొనుడు, పొరుగూరివారిని పిలువుడు, నడుమ టీయును మిరపకాయబజ్జీలును పెట్టుడు, ఫోనులన్నియు గ్రంథపాలకుని సొరుగులో నుంచుడు. ప్రశ్నలు వ్రాయువారు మాత్రము సంవత్సరములను ఒకటికి రెండుమార్లు సరిచూచికొనవలెనని నా ప్రార్థన.