మా యింటి హవల్దారు



మా మరిది పందొమ్మిదవ యేట సైన్యమున చేరి, 17 సంవత్సరములు కొలువుచేసి, హవల్దారుగా విరమించి నిరుడు ఇల్లు చేరెను. సిపాయికి 15 సంవత్సరముల సేవతోనే పింఛను లభించును గనుక, ఇతరులు ఉద్యోగమున నిలద్రొక్కుకొను ప్రాయముననే సైనికుడు విశ్రాంతుడగుచున్నాడు. నాడు హారతిచ్చి, ఇక అతని కష్టములు గట్టెక్కినవని సంతసించితిని. అవి అప్పుడే మొదలైనవని యెరుగనైతిని.

అతడు వేకువను 4 గంటలకు లేచును. పోవలసిన చోటు లేకున్నను ప్రతిదినము జోళ్ళకు మెరుగుపెట్టును. మేము పప్పన్నము కలుపుకొనులోపల భోజనము ముగించి లేచును. ఒకనాడు పక్క మడవలేదని మా కుమారుని గద్దించెను. నాకు కోపమువచ్చి, "ఇది ఇల్లు నాయనా, బ్యారక్కు కాదు" అంటిని. అతడు బదులాడలేదు. నాటినుండి ఇంట మాటలాడుటయే మానెను.

కొన్ని దినములకు మా తోడికోడలు వంటయింట కన్నీరు పెట్టుకొని, "అక్కయ్యా, ఏటేట సెలవులకు వచ్చు మనిషి నెరుగుదును గాని, ఈయన నెరుగను. రాత్రులు నిదురయే లేదు" అనెను. నేను సిగ్గుపడి, మరిది కడకేగి తప్పు నాదేయంటిని.

"తప్పేమున్నది వదినా? పదునేడేండ్లు నన్ను హవల్దార్ సాబ్ అని పిలిచిరి. ఇచ్చట నేను మాస్టారి తమ్ముడను. వాడెవడో నాకే తెలియకున్నది" అనెను.

పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములు దాచి, మారుపేళ్ళతో విరాటుని కొలువున నొక యేడుండిరి. మా తండ్రిగారు ఆ పర్వము చదివించునాడు, వారి దుఃఖము పరులకు ఊడిగము చేయుటయే యని తలచితిని. తన పేరు తనకు లేకపోవుట యని యిప్పుడు తెలిసినది. వారికి గడువు తీరగనే ఆయుధములు దక్కినవి. మా మరిది విడిచివచ్చినవి మరల దింపుకొనునవి కావు.

పుట్టినిల్లు విడిచి, ఇంటిపేరు మార్చుకొని, పరాయి యింటి అలవాట్లు నేర్చిన మనకు ఈ బాధ క్రొత్తదా? క్రొత్తకోడలికి ఏడాది గడువిచ్చు మనము, తిరిగివచ్చిన సిపాయికి ఏడు దినములైన ఇయ్యమేల?

పశ్చిమగోదావరి జిల్లా మాధవరమున తరతరములుగ సైన్యమున చేరుచున్నారు. అట్టి యూర ఇరుగుపొరుగు వారికే ఈ సంగతి తెలియును. తక్కిన యూళ్ళలో ఆ పని ఇంటి స్త్రీలదే. 2022లో అగ్నిపథమును ప్రకటించినపుడు, నాలుగేండ్ల పిమ్మట నూటికి 25 మందికి మించి నిలుపుకొనమనిరి. ఇకమీదట పాతికేండ్ల ప్రాయపు బిడ్డలే ఇట్లు ఇల్లు చేరుదురు.

మా మరిది సైన్యమున సామానుల లెక్క చూచినవాడు. అత్తగారు నాకిచ్చిన సామానుగది తాళపుచెవిని అతని చేతిలో పెట్టితిని. నేడు డబ్బాలన్నియు వరుసతీరి నిలిచినవి. పిడికెడు మెంతులకైనను చీటి వ్రాయుమనుచున్నాడు! నేను వ్రాయుచున్నాను. చీటి మీద "హవల్దారు గారికి" అనియే వ్రాయుచున్నాను.