అడిగితే చెప్తం గద

క్రిస్మస్ సంచికకు మన్యం మిషన్ మీద ఒక పేజీ కావాలన్నాడు ఎడిటర్. పాత చర్చి, కొత్త హాస్టలు, పిల్లల నవ్వులు అంటూ సగం కథనం ఫోన్లోనే చెప్పేశాడు. మణుగూరులో దిగి, బొగ్గు లారీలు లేపే దుమ్ములోంచి మిషన్ ఉన్న ఒక కోయగూడేనికి చేరుకున్నాను. ఊరి పేరు రాయను. నా ఫిర్యాదు ఆ ఒక్క ఊరి మీద కాదు.

అక్కడి పాస్టరు అయ్యగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. డెల్టా నుంచి వచ్చాడు. కుట్టుమిషన్లు, నీళ్ల ట్యాంకు, రెండు కంప్యూటర్లు వరసగా చూపించాడు. ప్రతిదాని మీదా దాత పేరుంది. తిరిగే ఫ్యాను రెక్కల మీద కూడా ఎవరి జ్ఞాపకార్థమో రాసి ఉంది. తల ఊపుతూనే ఉన్నాను గాని, నా ధ్యాసంతా బయట టకటకమంటున్న చప్పుడు మీదే ఉంది.

ప్రార్థన గది కప్పు మీద ఒక పెద్దాయన గూనపెంకులు సర్దుతున్నాడు. కోతులు పీకి పారేసినవి పోగా మిగిలినవాటిని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వేలికణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. కంగుమంటే పక్కన పెడుతున్నాడు. బొంగురుగా పలికితే కిందికి జారవిడుస్తున్నాడు. వెంట్రుకవాసి బీట కంటికి ఆనదు, చెవికి దొరుకుతుంది. ఏరిన పెంకుల్ని చూరు దగ్గర నుంచి పైకి పేరుస్తున్నాడు. ఒక వరస వెల్లకిలా, రెండు వరసల సందు మీద ఇంకొకటి బోర్లా. మేకు లేదు, సిమెంటు లేదు. వాన ఏ మూల నుంచి కొడుతుందో ఆయనకు తెలుసు. ఆ వైపు పెంకులు ఇంకాస్త ఎక్కువగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కిస్తున్నాడు. అయ్యగారు పిలుస్తున్నా నేను కదల్లేదు.

"వచ్చే ఏడు దీన్ని తీసేసి స్లాబు వేస్తున్నాం సార్, దాతలు దొరికారు" అన్నాడు అయ్యగారు ఉత్సాహంగా. ఆయన లోపలికి వెళ్లాక పెద్దాయన నిచ్చెన దిగి బీడీ ముట్టించాడు.

"ఎయ్యనీ సారూ, నేనొద్దంటనా? కోతుల బాధ పోతది. గని ఎండకాలం స్లాబు కింద కూసునేది మేమే గద. మమ్మల్ని ఎవలడిగిండ్రు? అడిగితే చెప్తం గద."

బొగ్గుగనుల పక్కన మే నెలలో స్లాబు ఇంట్లో మధ్యాహ్నం గడిపినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

పెంకులందిస్తున్న మనవడితో ఆయన కోయలోనే మాట్లాడుతున్నాడు. అయ్యగారు నిచ్చెన దగ్గరికి వస్తే చాలు, ఇద్దరూ తెలుగులోకి మారిపోతున్నారు. మీకు కోయ వచ్చా అని అయ్యగారిని అడిగాను. "వీళ్లందరికీ తెలుగు వచ్చు సార్, ఇబ్బందేమీ లేదు" అన్నాడు. నాకు చిరాకేసింది. ఇబ్బంది లేనిది ఆయనకు.

మన్యంలో మిషన్ మొదలైన రోజుల్లో ఇలా లేదు. గోదావరి అవతల ఒడ్డునే దుమ్ముగూడెం ఉంది. నదికి ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువాళ్ల ఏలుబడి ఉన్న రోజుల్లో, ఎగువ గోదావరి మీద పడవలు నడపాలని అక్కడ ఆనకట్ట కట్టారు. ఆ పథకాన్ని 1871లో సర్కారు వదిలేసింది. పనులు చూసిన ఇంజనీరు హేగ్ మొదలుపెట్టించిన కోయ మిషన్ మాత్రం నిలబడింది. దానికి తొలి కాపరి ఇంగ్లండు నుంచి వచ్చిన దొర కాదు, హేగ్ దగ్గర ఉద్యోగం చేసిన వెంకటరామరాజు. తర్వాత 1870లలో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ వచ్చాడు. కోయ నేర్చాడు. పెళ్లిళ్లు, చావులు, పండుగలు, వేల్పులు, అన్నీ అడిగి తెలుసుకుని రాసుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద అతని వ్యాసాలు 1876 నుంచి ఇండియన్ ఆంటిక్వెరీలో వచ్చాయి. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద పుస్తకాలు వేసినప్పుడు కోయల సంగతులకు చాలావరకు కెయిన్ రాతలనే ఆధారం చేసుకున్నాడు. లూకా సువార్త కోయలోకి వచ్చిందీ పంతొమ్మిదో శతాబ్దంలోనే.

వాళ్లను పటం కట్టించి దండ వేయమనడం లేదు. కెయిన్ వచ్చింది మతం మార్చడానికే. అతని వెనక ఉన్న రాజ్యం మీద 1879లో రంప మన్యం ఎందుకు తిరగబడిందో కూడా మరిచిపోకూడదు. అయినా ఒక వరస పాటించారు. ముందు విన్నారు, తర్వాత చెప్పారు.

ఇప్పుడు ఆ వరస తిరగబడింది, ఒక్క చర్చిలోనే కాదు. ఇక్కడికి సింగరేణి వచ్చింది, అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చింది, 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం వచ్చింది. ఏదీ ముందు విని, తర్వాత వచ్చింది కాదు. బడి సంగతి మరీ అన్యాయం. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది. నేను చూసిన బళ్లో దాని ఆనవాలు లేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇవ్వాలన్న 3వ నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు చెల్లదన్నారు, సరే. బయటినుంచి వచ్చే పంతులు పిల్లల భాష నేర్చుకోనక్కర్లేదని ఏ కోర్టూ అనలేదు. అయినా నేర్చుకోమని అడిగేవాళ్లు లేరు.

సాయంత్రం ప్రార్థనలో పాటలన్నీ తెలుగే. బయటికొస్తూ ఒకామె పక్కామెతో, "మన మాటల మొక్కితే దేవునికి తెలవదా ఏంది?" అంది నవ్వుతూ. అయ్యగారూ విన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, కొంచెం సిగ్గుంది. మంచివాడే. ఆయన్ని ఇక్కడికి పంపినవాళ్లు ఎన్ని మారుమనసులు, ఎన్ని గదులు అని లెక్క అడుగుతారే గాని, ఎన్ని కోయ మాటలు వచ్చాయని అడగరు.

అడగాలి. పాస్టరైనా, పంతులైనా, ఐటీడీఏ ఉద్యోగైనా ఈ గూడేల్లో చేరిన మొదటి ఆరు నెలలు కోయ నేర్చుకోవడమే ఉద్యోగం కావాలి. అది వచ్చాకే మిగతా పని అప్పగించాలి. స్లాబు వెయ్యాలా, పెంకులు ఉంచాలా అన్న తగువు అప్పుడు పెట్టుకోవచ్చు, ఆ కప్పు కింద కూర్చునేవాళ్ల భాషలో.