బరువు తీసే పని

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నది లారీ బాడీలు కట్టే షెడ్డు. పది టన్నులకు పాసైన బండి మీద పదిహేను ఎక్కించినా దూలం వంగకూడదన్నది ఆయన లెక్క. నేను ఇంగ్లండులోని కవెంట్రీలో పెట్టుకున్నది సరిగ్గా దానికి ఎదురు పని. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత స్పోర్ట్స్ కారు కొని, అందులోంచి కిలో కిలో చొప్పున ఇనుము తీసేసి, డ్రాగ్ రేసులో పరిగెత్తించడానికి ఇంటి గ్యారేజీలోనే తయారు చేశాను. ఆ పనిలో ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది.

డ్రాగ్ రేసులో మలుపులుండవు. 402 మీటర్ల, అంటే పావుమైలు, తిన్నని బాట, పక్కపక్కన రెండు కార్లు, పచ్చ దీపం పడగానే పరుగు. గెలవాలంటే ఇంజను బలం పెంచాలి, లేదా బరువు దించాలి. మొదటిదానికి డబ్బు కావాలి. కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే జీతగాణ్ణి, ఇంటికి అప్పు కడుతున్నవాణ్ణి, నాకు మొదట రెండోదే దిక్కు.

స్పిట్‌ఫైర్ కవెంట్రీ కారే. 1962 నుంచి 1980 దాకా ఇక్కడి కాన్లీ ఫ్యాక్టరీలో తయారైంది. గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోత్తి. అడుగున ఉన్నది ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్సే, కాస్త కురచ చేశారంతే. హెరాల్డ్ మన పెద్దవాళ్ళకు తెలిసిన బండే. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1960లలో దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసింది, తర్వాత అదే గెజెల్ అయింది. ఫోన్లో ఈ సంగతి చెప్పగానే నాన్నకు హుషారొచ్చింది. "దాని వెనక చక్రాలు కాళ్ళు చాపుకు నిలబడతాయి, చూశావా?" అన్నాడు. చూశాను. ఆ కాళ్ళ కథ తర్వాత చెప్తాను.

నేను కొన్నది మార్క్ 4. అన్నీ ఉన్నప్పుడు దాదాపు 780 కిలోలు. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి, ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు. ఇంటి మేస్త్రీకి ఇంతకన్నా అనువైన కారు దొరకదు. ఒక్క తుప్పును మినహాయిస్తే.

ఈ కారుకి మధ్యలో ఛాసిస్ ఉన్నా పక్కల బలమంతా బాడీదే. తలుపుల కింద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సాగే బోలు పెట్టెలుంటాయి, వాటిని సిల్ అంటారు. నెత్తిన రేకు లేని కారు కాబట్టి, సిల్ పోయిందంటే నడుము విరిగినట్టే. నా కారు సిల్ మీద రంగు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి అరచేత్తో ఒక్కటిచ్చాను, పిడి దాకా దిగబడింది. బయటికి లాగితే టీ పొడిలాంటి తుప్పు జలజలా రాలింది.

"తలుపు కంతకి అడ్డకమ్మీ కొట్టకుండా ఆ రేకు ముట్టుకోకురా. కోసినాక తలుపు పడదు," అన్నాడు నాన్న. ఆయన జన్మలో ఆ కారు విప్పలేదు. అయినా నూటికి నూరుపాళ్ళూ నిజమే. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి చదరపు గొట్టం అడ్డంగా టాకాలు వేసి, మూలకు మూల టేపుతో కొలిచి రాసుకున్నాకే గ్రైండర్ పట్టాను. సిల్‌లో మూడు పొరలుంటాయి: బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య బలానికి ఇంకో రేకు. మధ్య పొర చాలాచోట్ల లేనే లేదు, తుప్పు తినేసింది.

డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. ఎడమవైపు సిల్ ముందు భాగానికి అడుగునుంచి అతుకు వేస్తున్నాను. కారు స్టాండ్ల మీద ఉంది, నేను చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. వెల్డింగ్ హెల్మెట్ దించాక ఆర్క్ తప్ప ఇంకేమీ కనపడదు. ముందు వాసన తగిలింది. రంగు కాలే వాసన కాదు, గొంతు పట్టేసే చేదు వాసన. ఆర్క్ ఆపి హెల్మెట్ ఎత్తేసరికి సిల్ చిల్లులోంచి పసుప్పచ్చని పొగ చిమ్ముతోంది.

అంతకుముందు ఈ కారు వాడినవాళ్ళెవరో తుప్పు కనపడకుండా ఆ పెట్టెలో ఫోమ్ కొట్టారు. కిటికీ సందులు మూయడానికి డబ్బాలోంచి కొడతారే, ఉబ్బి గట్టిపడేది, అదే. దాని మీద పుట్టీ పూసి రంగేసి అమ్మేశారు. ముందు అర చుట్టూ మూసి ఉండటంతో నేను వైరు పెట్టి పొడిచి చూసిన చోటికి అది రాలేదు. వెల్డింగ్ వేడికి లోలోపలే అంటుకుంది. ఆ ఫోమ్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడూ ఉంటుంది, సైనైడూ ఉంటుంది. ఇవన్నీ ఆసుపత్రిలో తెలిసిన సంగతులు. ఆ క్షణంలో తెలిసింది ఒకటే, రెండు గుక్కలు పీల్చేసరికి కాళ్ళూ చేతులూ నా మాట వినలేదు. బల్లని వెనక్కి తోయాలని బుర్ర చెబుతోంది, మడమ నేలకు ఆనడం లేదు. మండుతున్న ముద్ద ఒకటి జారి ఎడమ ముంజేతి మీద పడింది. అరిచానో లేదో గుర్తులేదు.

పక్కింటి పెద్దాయన అరుపు విన్నాననే అంటాడు. కాన్లీలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. నా రెండు కాళ్ళూ పట్టుకుని బల్లతో సహా బయటికి లాగి పారేశాడు. తర్వాత తన కారులోని మంటలార్పే ఎర్ర సిలిండర్ తెచ్చి సిల్ చిల్లులో దూర్చి మొత్తం ఖాళీ చేశాడు. నాది గోడకే ఉంది. కారుకి అవతలి వైపు గోడకి.

ఆ రాత్రంతా ఆక్సిజన్ పెట్టి, గంట గంటకీ రక్తం తీసి చూశారు. చేతి మీద కాలిన చోట చర్మం మళ్ళీ రావడానికి చాలా వారాలు పట్టింది. దగ్గు అంతకన్నా ఎక్కువ రోజులుంది. మెట్లెక్కితే ఆయాసం. రాత్రుళ్ళు ఆ వాసన వస్తోందని లేచి వంటింట్లో గ్యాస్ చూసి వచ్చేవాణ్ణి. మా ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఇంటికొచ్చిన రోజున, "ఏమండీ, గ్యారేజీ తాళంచెవి ఇటివ్వండి," అంది. ఇచ్చాను.

వేసవి దగ్గరపడ్డాక తనే తెచ్చిచ్చింది, ఒంటరిగా కారు కిందికి దూరకూడదన్న షరతు మీద. మాట నిలబెట్టడానికి తనే కాపలా కూర్చుంది. గ్యారేజీ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ, ఒంటి మీద దూది కోటు, చెవుల్లో ఆఫీసు కాల్, కాలి దగ్గర ఎర్ర సిలిండర్. నేను కింద అయిదు నిమిషాలు చప్పుడు చేయకపోతే బూటు మీద తట్టేది.

మిగతా పనంతా ఆమె తట్టుళ్ళ మధ్యే జరిగింది. హీటర్, తివాచీ, బంపర్లు, స్పేర్ చక్రం, సీట్లు, తలుపుల్లో అద్దాలు, వాటిని తిప్పే మరలు తీశాను. చప్పుడు తగ్గడానికి అతికించిన తారు పలకలను వేడిగాలితో మెత్తబరిచి గీకితే బకెట్లు నిండాయి. ఇనప బానెట్ స్థానంలో ఫైబర్ బానెట్ పెట్టాను. కానీ మనిషి కూర్చునే చోట రక్షణకి ఇనప బోను కట్టాలి కదా. 45 మిల్లీమీటర్ల అతుకు లేని గొట్టం, రెండున్నర మిల్లీమీటర్ల మందం. తీసిన బరువులో కొంత అక్కడ తిరిగి పెట్టేశాను. ఆ మంట తర్వాత ఆ లెక్క దగ్గర గీచి గీచి బేరమాడాలనిపించలేదు.

చివరికి ఇంజనూ మార్చాను, రోవర్ 3.5 లీటర్ల వీ8 పెట్టాను. అమెరికాలో బ్యూక్ కార్ల కోసం పుట్టిన అల్యూమినియం ఇంజను ఇది, తర్వాత రోవర్ దాని హక్కులు కొనుక్కుంది. ఎనిమిది సిలిండర్లున్నా ఒళ్ళు తేలిక. దాని బలానికి స్పిట్‌ఫైర్ వెనక భాగం ఆగదు. ఇక ఆ కాళ్ళ కథ. ఈ కారు వెనక యాక్సిళ్ళు డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే కదులుతాయి. స్టార్టింగులో కారు వెనక్కి కూర్చోగానే చక్రాల పైభాగం లోపలికి వాలి, టైరు లోపలి అంచు మీదే నిలబడుతుంది. పట్టు దొరకాల్సిన క్షణంలో సగం టైరు గాలిలో ఉంటుంది. "గెజెల్ చేసినప్పుడు మద్రాసోళ్ళు ఆ కాళ్ళు పీకేసి హౌసింగ్ వేశారు. నువ్వూ అదే చెయ్యి," అన్నాడు నాన్న. నిజమే, గెజెల్‌కి ఒకే ముక్క యాక్సిల్ ఉంటుంది. నేను పాత ఫోర్డ్ వ్యాను హౌసింగ్ తెచ్చి, వెడల్పు తగ్గించి వేశాను. లోపలి షాఫ్టులు కురచ చేసి కొత్త పళ్ళు కోసే పని మాత్రం బయట కొట్టుకిచ్చాను.

నేను కారుని పరిగెత్తించాలనుకున్న బాట సాంటా పాడ్, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని పోడింగ్టన్ దగ్గర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు ఎగిరిన రన్‌వే అది, 1966 నుంచి డ్రాగ్ బాట. మామూలు డ్రైవింగ్ లైసెన్సూ హెల్మెటూ ఉంటే సొంత కారుని పరిగెత్తించుకునే రోజులు అక్కడ ఉంటాయి. కారుని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాను. గీత దగ్గర బాటకు జిగురు పూస్తారు, నడిస్తే బూటు ఊడొచ్చేటంత పట్టు. ఆ పట్టు మీద క్లచ్ వదలగానే వెనక ఠప్పుమంది. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. ఎడమ షాఫ్టు లోపల పళ్ళ దగ్గర తెగింది. బయటివైపు తెగి ఉంటే చక్రమే ఊడిపోయేది. విప్పి చూస్తే కారణం కళ్ళకు కట్టింది. అలాంటి షాఫ్టుకి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. కొట్టువాళ్ళు ఆ పొర చెక్కేసి, మెత్తటి లోపలి ఉక్కులో పళ్ళు కోసి, మళ్ళీ కాల్చి గట్టిపరచకుండా ఇచ్చేశారు. అడిగితే రేసుకి వాడినదానికి హామీ లేదన్నారు. రేసు కోసమేనని ఆర్డర్ కాగితం మీద రాసి ఉంది.

ఈఎన్24 ఉక్కుతో కొత్త షాఫ్టులు చేయించడానికి మరో శీతాకాలం జీతం పోయింది. తర్వాతి వేసవిలో కారు తూకం 688 కిలోలు, పావుమైలు 12.9 సెకన్లు. అక్కడికి వచ్చే అసలైన రేసు కార్ల పక్కన అదేమంత లెక్కలోది కాదు. మా ఆవిడ ఆ టైము వేసిచ్చిన చీటీ చూసి, "దీనికేనా?" అంది. దీనికే.

పాత కారు కొని వెల్డింగ్ మొదలెట్టబోయేవాళ్ళకి ఒక మాట. బోలుగా ఉన్న ప్రతి పెట్టెకీ, ముఖ్యంగా చుట్టూ మూసి ఉన్నదానికి, ముందు చిన్న చిల్లు వేసి సన్నటి వైరు దూర్చి చూడండి. వైరు కొనకి పసుపుపచ్చ పొడి అంటితే లోపల ఫోమ్ ఉన్నట్టే. రేకు చల్లగా కత్తిరించి దాన్ని మొత్తం గీకి పారేసేదాకా వెల్డింగ్ మిషన్ స్విచ్ వెయ్యకండి. వేసే రోజున మీ కాళ్ళు కనపడే చోట ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.